ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగిన టమాటా చారు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదు గానీ, భయంతో తిండి మానేసిన రోజులన్నీ పాత రోజులే అని నా లెక్క. టాటానగర్ రైల్వే కాలనీ పక్కన ఓ చిన్నపిల్లల బడిలో అప్పుడే చేరాను. మూడు నెలలు చూసి, పనికొస్తేనే ఉంచుకుంటామన్నారు. నాకప్పగించిన పాఠం మంచి తిండి అలవాట్లు. (పొద్దున్నే టీలో రెండు బిస్కట్లు ముంచుకుని పరిగెత్తే నాకు!) ఎలా చెప్పాలో తోచక హడలిపోతుంటే, ఇంజన్ డ్రైవరుగా రిటైరైన మా తాతయ్య తేల్చేశాడు: "ఎందుకే అంత బెంగ? రైలోళ్ల పిల్లలు కదేటి, జెండాలు సూపించు. పచ్చదైతే పోనీ, ఎర్రదైతే ఆపు." పాలకూర బొమ్మకు పచ్చజెండా, సమోసా బొమ్మకు ఎర్రజెండా ఊపాను. వారం తిరక్కుండా పిల్లలు ఇంట్లో తండ్రుల సమోసాలు కూడా ఆపేశారట. నన్ను నేనే మెచ్చుకున్నాను.

తనిఖీ రోజు పెద్ద మేడమ్ సరిగ్గా భోజనాల వేళకు వచ్చి గోడవార కూర్చుంది. ఆయమ్మ టమాటా చారు పోసింది. పద్దెనిమిది చేతులు ఒక్కసారి అడ్డంగా లేచాయి. "లాల్ హై, మిస్! రుకో!" అని అరిచింది, మేమంతా బుడంకాయ అని పిలిచే నాలుగేళ్ల పిల్ల. ఎరుపట. ఆగాలట. "ఏటమ్మా, సారులో ఇసం కలిపేనేటి నాను?" అని ఆయమ్మ నొచ్చుకుంది. ఆ పక్కనే ఒకడు ఆకుపచ్చ లాలీపాప్‌ను ధీమాగా చప్పరిస్తున్నాడు. నేను నేర్పింది తిండి కాదు, రంగులని అప్పుడు తెలిసింది. మేడమ్ పెన్ను మూత తీసింది; నా ఉద్యోగం కూడా దాంతోపాటే ఊడినట్టనిపించింది.

అంతలో తాతయ్య చెప్పిన ఇంకో సంగతి గుర్తొచ్చింది. సిగ్నల్ పాడై ఎర్రదీపం అలాగే ఉండిపోతే స్టేషన్ మాస్టర్ చీటీ రాసిస్తాడు; అది పట్టుకుని డ్రైవరు మెల్లగా దాటొచ్చు. గబగబా నోటుపుస్తకం చింపి, సంతకాలు గీకి పంచాను. "సిగ్నల్ ఖరాబ్ హై! చీటీ లేకర్ జావో, ధీరే ధీరే!" పద్దెనిమిది చెంచాలు ఛుక్ ఛుక్‌మంటూ కదిలాయి. గిన్నె ఖాళీ. మేడమ్ ఇంకో మూడు నెలలు చూస్తానంది, ముందా జెండాలు పీకేయమంది. (ఘనవిజయమేం కాదు. బండి పట్టాలు తప్పలేదు, అంతే.)

అప్పుడు బుడంకాయ నేను ముట్టని నా కంచం వైపు చూసింది. "మిస్, ఆప్?" ఆకలి లేదన్నాను. అది తన చీటీ వెనక క్రేయాన్‌తో నాలుగు గీతలు గీసి నా చేతిలో పెట్టింది. "ఆప్ భీ జాయియే. ధీరే." నన్నూ దాటమంది, మెల్లగా.

ఇప్పుడు ఉద్యోగం గట్టిదే, భయమూ తగ్గింది. టిఫిన్ తినే అలవాటే ఇంకా రాలేదు. పొద్దున్నే పరిగెడుతూ పర్సు తెరిస్తే ఆ చీటీ కనబడుతుంది. ఒక్కో రోజు వెనక్కెళ్లి, కూర్చుని, మెల్లగా తింటాను.