చాయ్‌తో మింగిన గోలీ

2024 వానాకాలం. ముంబైలో మన తెలుగోళ్లు తరాలుగా ఉంటున్న కామాటిపురాలోని ఓ చిన్న ప్రసూతి దవాఖానాలో నేను డైటీషియన్‌గా చేరిన తొలి ఏడాది. ఎవరి ఒంటికి ఏ తిండి తగునో చెప్పడం నా పని. మా తాత ఈ ఊరి బిల్డింగులకు ఇటుకలు మోశాడు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. నా గది తలుపుకు పేరు బోర్డు పెట్టిన రోజు మా నాన్న మేముండే చాల్‌లోని, అంటే ఒంటిగది ఇళ్ల వరసలోని, సగం మందిని వెంటేసుకొచ్చి చూపించాడు. ఆ బోర్డుకు నేను తగుదునని నాకు నమ్మకం కలిగించింది మాత్రం సుజాత కేసు.

సుజాత మహబూబ్‌నగర్ నుంచి పెళ్లై మా పక్క గల్లీకి వచ్చిన పిల్ల. అప్పుడామెకు ఆరో నెల. గర్భిణికి హిమోగ్లోబిన్, అంటే రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థం, పదకొండుకు తగ్గకూడదు. ఆమెకు ఎనిమిది దగ్గరే ఆగిపోయింది. ఐరన్ గోలీలు మొదలుపెట్టి చాలా రోజులైనా కదల్లేదు. “ఇలాగే ఉంటే కాన్పు ఇక్కడ చేయలేం. రక్తం ఎక్కించే వీలున్న పెద్దాసుపత్రికి పంపాలి” అని డాక్టరమ్మ చెప్పేసింది. అసలు గోలీలు మింగుతోందా అని కూడా అడిగింది.

ఆ మాట సుజాత అత్త అంజమ్మకు ఎక్కడో తగిలింది. నా గదిలోకి వస్తూనే అందుకుంది.

“మింగుతలేదంట! రోజు నా చేత్తోటి ఇస్త. కోడల్ని ఎండబెడుతున్ననా నేను?”

“గుస్సా కాకు పెద్దమ్మా, కూసో.”

“నువ్వు ఎల్లన్న మన్మరాలివి గదా? గింతున్నప్పుడు మోరీకాడ ముక్కు కారుకుంట తిరిగేదానివి. నువ్వు మాకు తినుడు నేర్పిస్తవా?”

“నేర్పియ్య. మీరే చెప్పుండ్రి, నేను వింట.”

డైట్ రీకాల్ మొదలుపెట్టాను. నిన్న లేచిన దగ్గర్నుంచి నోట్లో పడిన ప్రతిదీ గుర్తు చేసుకుని చెప్పించడం అన్నమాట. జొన్నరొట్టె, తోటకూర, పప్పు, ఉడకబెట్టిన గుడ్డు. సుజాత చెబుతుంటే లోటేమీ కనబడలేదు.

“మరి గోలీ?”

“పొద్దుగాల్నే అక్కా. చాయ్‌తోటి.”

“చాయ్‌తోనా?”

“మరి!” అంది అంజమ్మ గర్వంగా. “నీళ్లతోటి మింగితే కక్కుతుండె. అందుకే అద్రక్ దంచి, బెల్లమేసి కడక్ చాయ్ పెడుత. ఖారీ బిస్కెట్ ముంచుకొని తిని, అండ్లనే గోలీ మింగుతది. కక్కుడు బంద్ అయింది. అన్నం తిన్నంక ఇంకో కప్పు.”

విషయం దొరికింది. చాయ్‌లోని టానిన్లు ఐరన్‌ను పట్టేసుకుంటాయి, ఒంటికి సరిగా అందనివ్వవు. గోలీ కడుపులోకి పోతోంది కానీ రక్తం దాకా చేరేది కొంచెమే. తోటకూరలోని ఐరన్‌కూ అన్నం తర్వాతి చాయ్‌తో అదే గతి. అంత ప్రేమగా పెట్టే చాయ్‌ని తప్పు పట్టకుండా ఎలాగో చెప్పాను.

“చాయ్ ఇడిపిస్తవా? చాయ్ లేకుంటే మా ఇంట్ల పొద్దే పొడ్వదు!”

“ఇడిసిపెట్టకు పెద్దమ్మా. గోలీని, చాయ్‌ని దూరం దూరం ఉంచు. ఒకదాని మొఖం ఒకటి చూడొద్దు.”

“అత్తాకోడండ్ల లెక్కనా?” అంది సుజాత మెల్లగా.

ముందు నవ్వింది అంజమ్మే.

పొద్దుటి చాయ్‌కీ గోలీకీ మధ్య రెండు గంటలైనా ఉండాలనుకున్నాం. గోలీ నిమ్మకాయ నీళ్లతో. పులుపు ఐరన్‌ను ఒంటికి బాగా పట్టిస్తుంది, వికారాన్నీ కాస్త ఆపుతుంది. అన్నం తర్వాతి కప్పు సాయంత్రానికి జరిగింది. మళ్లీ కక్కితే డాక్టరమ్మనడిగి గోలీని పడుకునే ముందుకు మారుద్దామన్నాను. ఆ అవసరం రాలేదు.

తర్వాతి పరీక్షలో తొమ్మిదిన్నర. తొమ్మిదో నెలలో పదకొండు! డాక్టరమ్మ ఆ రిపోర్టు పట్టుకుని తానే నా గదికి వచ్చి, “మిగతా కేసులు కూడా నీ దగ్గరికి పంపుతాను” అంది. ఆ రోజు నా కాళ్లు నేల మీద లేవు. సుజాతను ఎక్కడికీ పంపలేదు. మా దవాఖానాలోనే ఆడపిల్ల పుట్టింది, బొద్దుగా.

ఏం తిన్నావని అడగడం కాలేజీలో నేర్చుకున్నాను. దేనితో తిన్నావని, ఎందుకలా తిన్నావని అడగడం అంజమ్మ ఇంటి చాయ్ నేర్పింది. తప్పు దొరికిన చోట చాలాసార్లు ప్రేమే ఉంటుంది. దాన్ని నిలబెట్టి తప్పును మాత్రం పక్కకు జరపాలి.

మొన్న అంజమ్మ ఎవరో నిండు గర్భిణిని చెయ్యి పట్టి లాక్కొచ్చింది. నన్ను నోరు తెరవనివ్వకుండా ఆ పిల్లనే నిలదీసింది.

“మా మేడమ్‌కు చెప్పు. గోలీ దేంతోటి మింగుతున్నవ్?”