వంతు వచ్చేదాకా ఆగే ఆట

మా మేనత్త పోయిన నెలలో చనిపోయింది. కోడుమూరులో తన ఇంట్లో మధ్యాహ్నం అన్నం తిని, తలుపు దగ్గరగా వేసి పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదు. సాయంత్రం నాలుగింటికి పక్కింటావిడ నాకు ఫోన్ చేసింది. కర్నూలులో నేను పనిచేసే కాలేజీ కంప్యూటర్ ల్యాబులో అప్పుడు పరీక్ష జరుగుతోంది. "మీ అత్త ఎంత పిల్సినా పలకలేదప్పా. నువ్వు రా" అన్నదామె. పరీక్షను తోటి ఉద్యోగికి అప్పగించి బస్సెక్కాను. అత్తకు అరవై ఏడేళ్ళు. మోకాళ్ళ నొప్పి తప్ప చెప్పుకోదగ్గ జబ్బేదీ లేదు.

వచ్చిన బంధువులంతా ఆమె నేసిన చీరల గురించి మాట్లాడుకున్నారు. అది సహజమే. నలభై ఏళ్ళు మగ్గం మీద కూర్చున్న మనిషి. కానీ చివరి తొమ్మిదేళ్ళు ఆమె ఏం చేసిందో ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. కొందరికి తెలియదు. తెలిసినవాళ్ళకు కాస్త నామోషీ. మొదట్లో నాకూ ఉండేది. ఆ తొమ్మిదేళ్ళూ మా అత్త కంప్యూటరులో ఆటలు ఆడింది. డబ్బు కట్టకుండా ఆడుకోగలిగిన ఆటల్లో ఏది మంచిది, ఏది కాదు అని తేల్చడంలో ఆమెకున్న చూపు, రోజంతా కంప్యూటర్ల మధ్య గడిపే నాకు లేదు.

సంగతి మోకాళ్ళతో మొదలైంది. మగ్గం గుంతలో కాళ్ళు దించి తొక్కడం మానేయాలని డాక్టరు చెప్పాడు. మామ అప్పటికే లేడు, పిల్లలు లేరు. మగ్గం విప్పి తీసేశాక ఆ గది బోసిగా ఉంటే చూడలేక, మా ల్యాబులో పక్కన పడేసిన పాత కంప్యూటరొకటి అడిగి తెచ్చి పెట్టాను. సీరియళ్ళు చూసుకుంటుందని నా ఉద్దేశం. విద్యార్థులెవరో ఎక్కించుకున్న ఆట ఒకటి అందులో మిగిలిపోయి ఉంది. రెండు వారాల తర్వాత నేను వెళ్ళేసరికి అత్త దాని ముందు కూర్చొని ఉంది.

"ఏమల్లుడా, ఈ బొమ్మ నేను పొమ్మన్న తావుకు పోతాండాది. ఈ ఊరు యాడుండాది?"

"అది నిజం ఊరు కాదత్తా. కల్పించిన లోకం. అందులో మనమొక వేషం తీసుకొని తిరగాలి. యుద్ధం చేసేవాళ్ళు ఉంటారు, వేటాడేవాళ్ళు ఉంటారు, వైద్యం చేసేవాళ్ళు ఉంటారు. పనులు చేసేకొద్దీ మన బలం పెరుగుతుంది."

"మరి ఈ తక్కిన బొమ్మలు?"

"వాళ్ళంతా మనుషులే. ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చొని ఇంటర్నెట్ మీద ఆడుతున్నారు."

అత్త తెర వైపు కాసేపు చూసి, భుజం మీది కొంగు సర్దుకుంది.

ఆమె పదో తరగతి దాకా తెలుగులో చదువుకుంది. ఆటకు కావలసిన ఇంగ్లీషు ఆర్నెల్లలో పట్టేసింది. వైద్యం చేసే వేషమే తీసుకుంది. తర్వాత ఎన్ని ఆటలు చూసినా అదే. ఎందుకని అడిగితే "కొట్టేటోళ్ళు కావాల్సినంతమంది ఉండారు. పడినోళ్ళను లేపేదానికే ఎవురూ లేరు" అంది.

ఆ లోకంలో ఎవరైనా తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తూ కనిపిస్తే ఆగి, ఏ ఊరని అడిగేది. అలా ఏడాది తిరిగేసరికి ఇరవై మందితో ఒక జట్టు కట్టింది. ఎక్కువమంది మా కర్నూలు, కడప వైపు వాళ్ళే. కోయిలకుంట్లలో బట్టలు కుట్టే ఒకామె ఉండేది. కుట్టడానికి పని లేని పూట వచ్చేది. ఎర్రగుంట్లలో ఒక సిమెంటు లారీ డ్రైవరు ఉండేవాడు. లారీ బోల్తాపడి నడుము విరిగిన మనిషి. కాళ్ళు కదలవు, ఎడమ చేయి సరిగా రాదు. మంచానికి బిగించిన ఫోనులో ఒక్క బొటనవేలితో ఆడేవాడు. అతను దెబ్బ వేయడం ఆలస్యమయ్యేది. ఆ ఆలస్యంలో అతని బొమ్మ తినే దెబ్బలను అత్త వెనక నిలబడి మాన్పుతూ ఉండేది. చూసేవాళ్ళకు అతను నిదానంగా ఆడుతున్నట్టే ఉండేది.

జట్టులో కొందరు రాయడం మాని మైకులో మాట్లాడుకునేవాళ్ళు. అత్త ఒక్కసారి కూడా మాట్లాడలేదు. "గొంతు వింటే వయసు తెలుస్తాది. వయసు తెలిసినాక మర్యాదలు మొదలైతాయి. అప్పుడు ఆట పోతాది" అనేది. జట్టుకు ఆమె 'అక్క'. అంతే తెలుసు వాళ్ళకు.

ఆరేళ్ళు అలా గడిచాక ఒక రోజు ఆటలో ప్రకటన వచ్చింది. మూడు నెలల్లో సర్వర్ మూసేస్తున్నారు. ఆడేవాళ్ళు తగ్గిపోయారట. అప్పటిదాకా పోగుచేసుకున్న బలం, వస్తువులు, ఆ వీధులు, కొండలు అన్నీ పోతాయి. ఆ వారం నేను కోడుమూరు వెళ్ళినప్పుడు అత్త నాకు డ్రైవరు రాసిన వాక్యం చూపించింది. 'అయితే ఇంగ నేను రానక్కా. కొత్తది నాతో కాదు. మీరు ఆడుకోండి.'

"దీనికి నువ్వేం రాశావు?" అని అడిగాను.

"ఏమీ రాయలే. యాడన్నా ఇంగో ఆట ఉండకపోతాదా? ఎతుకుదాం."

అలా మొదలైన వెతుకులాట రెండు నెలలు సాగింది. పెద్ద ఆటలను నేను ల్యాబులో దించి పెన్‌డ్రైవులో తెచ్చేవాణ్ణి. ఉచితమని చెప్పుకునే ఆటలు వందలున్నాయి. ఉచితం కాబట్టి అవి మరోవైపు నుంచి సంపాదించుకోవాలి. ఆ మరోవైపు ఏదో కనిపెట్టడమే అత్త పని. ఆటలోకి వెళ్ళగానే అందరూ కత్తులు, గుర్రాలు చూస్తారు. ఆమె ముందు ఆట లోపలి అంగడి తెరిచి చూసేది. అందులో రంగు చొక్కాలు, టోపీలు ఉంటే తల ఊపేది. దుడ్లు పెట్టి కొంటే దెబ్బ బలం రెట్టింపయ్యే కత్తి ఉంటే అక్కడితో సరి. "బట్టలమ్ముకుంటే అమ్ముకోనీ, వాళ్ళూ బతకాల గదా. బలం అమ్మితే మాత్రం లేసి వచ్చేయాల."

మొదటి రోజు ఏ ఆటనూ మెచ్చుకునేది కాదు. నేను బాగుందంటే "మూడు దినాలు అన్ని ఆటలూ కొత్తల్లుణ్ణి సూసినట్టు సూస్తాయి. ఎనిమిదో దినం సూడాల" అనేది. నిజంగానే ఎనిమిదో రోజుకు చాలా ఆటల రంగు తేలిపోయేది. ఒక ఆటలో, ఒక పూట రాకపోతే రావలసిన బహుమతి పోయిందని ఎర్ర అక్షరాలతో చూపించేవాళ్ళు. అత్త అది చదివి "షావుకారుకు నేసేటప్పుడు ఇట్లనే ఉండె. ఇది ఆట కాదు, కూలి" అని తీసేయమంది.

ఇంకో అలవాటు ఉండేది. కొత్తవాళ్ళు దిగే చోట నిలబడి, తనకు తెలిసిన విషయమే తెలియనట్టు అడిగేది. బావి ఎక్కడ, తలుపెలా తీయాలి, అలాంటివి. అడిగి ఊరికే కూర్చునేది. ఒక ఆటలో అరగంట కూర్చుంది. వందమంది పరుగెత్తిపోయారు. ఒక్కరూ ఆగలేదు. "జనాలు శానా ఉండారు, మనుషులు లేరు" అని లేచి కాఫీ పెట్టుకుంది.

ఆ రెండు నెలల్లో పదకొండు ఆటలు పోయాయి. పన్నెండోది నేను తెచ్చాను. మా విద్యార్థులు కూడా మెచ్చుకున్న ఆట. వాన పడితే నేల తడిసినట్టు కనిపించేది. అంగడిలో బట్టలు తప్ప ఏమీ లేవు. ప్రశ్న అడిగితే ముగ్గురు ఆగి జవాబు చెప్పారు. పది రోజులాడినా అత్తకు వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. ఇక పని అయిపోయిందనుకున్నాను. పదకొండో రోజు ఫోన్ చేసి "ఇది వద్దల్లుడా" అంది.

"ఎందుకు?"

"శానా బాగుండాది. నాకు ఇట్లాంటిది మళ్ళా దొరకదు. కానీ రెండు చేతులూ కావాల. ఆ డ్రైవరప్ప ఆడలేడు."

నాకు కోపం వచ్చింది. "ఒక్కడి కోసం ఇరవై మందిని ఆపుతావా అత్తా? అతనే రానన్నాడు కదా" అన్నాను.

ఆమె గొంతు పెంచలేదు. "తక్కినోళ్ళకు ఇంగో పని ఉండాది, ఇంగో మనిషి ఉండాడు. ఆయప్పకు ఇదొకటే. రానన్నాడంటే రాలేనని అర్థం. నీకు తెలీదా?"

నేను రెండు వారాలు కోడుమూరు వెళ్ళలేదు. పని ఒత్తిడి అని చెప్పాను. అది నిజం కాదు. నేను తెచ్చినదాన్ని కాదన్నందుకు వెళ్ళలేదు. నేను ఆ మాట అన్నానని ఆమె ఎప్పుడూ ఎత్తలేదు, అనకుండా ఉండాల్సిందని నేనూ ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రెండు వారాల్లో ఆమె తనంతట తానే ఒక ఆట పట్టుకుంది. నేను వెళ్ళినప్పుడు చూపించింది. ఎప్పటిదో పాత ఆట, గళ్ళు గళ్ళుగా ఉండే బొమ్మలు, ఎంత పాత ఫోనులోనైనా నడుస్తుంది. దాన్ని ఎవరో నలుగురు తమ తీరిక వేళల్లో నడుపుతున్నారు. చూడగానే నాకు నవ్వు వచ్చింది.

"నగుతావేం? సూడు" అని అత్త తన బొమ్మను శత్రువు ఎదుట నిలబెట్టింది. శత్రువు కదల్లేదు. ఆమె లేచి వెళ్ళి, బియ్యం కడిగి, పొయ్యి మీద పెట్టి తిరిగి వచ్చింది. శత్రువు అలాగే నిలబడి ఉంది. అందులో ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేయాలి. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు వేసేదాకా ఆట ఆగుతుంది. గంటైనా, రెండు రోజులైనా. "ఒక్క ఏలు సాలు అల్లుడా. ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు."

పాత సర్వర్ మూసే రోజున జట్టులో ఇరవై మందికి పదమూడు మంది కొత్త ఆటకు వచ్చారు. ఆరుగురికి ఆ బొమ్మలు నచ్చలేదు. డ్రైవరు మొదటి వారం రాలేదు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం వచ్చి, ఒక్క మాటా రాయకుండా తన వంతు వేశాడు. ఆ తర్వాత జట్టులో అతనంత ముందుచూపుతో ఎత్తు వేసేవాళ్ళు లేరని అత్త చెప్పేది. పాత ఆటలో అతని చేతి నిదానం మాత్రమే అందరికీ కనిపించేది, బుర్ర కనిపించేది కాదు.

మూడేళ్ళు అలా ఆడారు. కర్మ అయిపోయిన మర్నాడు నాకు వాళ్ళు గుర్తొచ్చారు. జట్టుకు కబురు చెప్పవలసినవాణ్ణి నేనే. ఆమె పేరుతో లోపలికి వెళ్ళి నాలుగు అక్షరాలు రాస్తే సరిపోయేది. కానీ ఆమె పేరు కిందే ఆమె చావు వార్త కనిపించడం బాగోదనిపించింది. నంద్యాల వెళ్ళి, కోయిలకుంట్ల మీదుగా పోయే రైలెక్కి ఎర్రగుంట్లలో దిగాను. మంచాన ఉన్న లారీ డ్రైవరు ఇల్లు అని అడిగితే ఆటోవాళ్ళే దారి చెప్పారు. రోడ్డుకు ఆనుకొనే ఉంది. అతనికి నలభై దాటి ఉండవు. అతని భార్య కుర్చీ వేసింది.

కోడుమూరు నుంచి, అక్క తరపున వచ్చానని చెప్పాను. అతను నా వైపు చూసి "ఊరికి పోయిందేమో అనుకుంటిమి. పన్నెండు దినాలైనాది, ఆమె వంతు కాడ ఆగినాం" అన్నాడు.

సంగతి చెప్పాను. అతను బొటనవేలితో ఫోను తెర ఆర్పేసి అడిగాడు.

"వయసెంత?"

"అరవై ఏడు."

"నర్సు అనుకుంటి నేను. ఆస్పత్రిలో నర్సు అని." తల నా వైపు తిప్పి "ఏం పని చేస్తా ఉండె?" అన్నాడు.

"మగ్గం నేసేది. కాళ్ళు నొప్పులని మానేసింది."

"నాకు చెప్పలే. నా కాళ్ళ గురించి ఎన్ని తూర్లు అడిగిందో. ఆమె కాళ్ళ గురించి నేను అడగలే." అతని భార్య అప్పుడు నా చేతికి టీ గ్లాసు ఇచ్చింది. "ఆయమ్మ దినామూ పొద్దున, మందులేసుకుంటివా అని రాస్తాండె" అంది. ఆ సంగతి నాకు తెలియదు.

రాకుండా పోయినవాళ్ళ వంతు దాటించాలంటే జట్టు పెద్ద ఒక బటన్ నొక్కాలట. పెద్ద మా అత్తే. ఆమె పాస్‌వర్డు నా దగ్గర ఉంది. నా ఫోనులో ఆమె పేరుతో లోపలికి వెళ్ళి, జట్టు పెద్దరికాన్ని అతని పేరుకు మార్చాను. "వద్దప్పా, ఇంగెవురికన్నా ఇయ్యి" అన్నాడు. ఇంకెవరూ నాకు తెలియదన్నాను. అతను ఆ బటన్ వెంటనే నొక్కలేదు. మిగిలిన పదమూడు మందికి చెప్పాలి కాబట్టి ముందు రాయడం మొదలుపెట్టాడు.

రైలుకు ఇంకా గంట టైముంటే అక్కడే కూర్చున్నాను. బయట సిమెంటు లారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. లారీ పోయినప్పుడల్లా బూడిద రంగు దుమ్ము కిటికీలోంచి వచ్చి ఫోను అద్దం మీద పడుతోంది. అతను వేలు ఎత్తి ఆగుతున్నాడు. భార్య వంగి కొంగుతో అద్దం తుడుస్తోంది. ఆమె చేయి తీయగానే అతను తర్వాతి అక్షరం వెతుక్కుంటున్నాడు.