గడ్డం ఉన్న పువ్వు

జూన్ మొదట్లో వాటర్లూలోని మా పెరట్లో పాత రకం ఐరిస్ పూసినప్పుడల్లా గాలి ద్రాక్షరసం వాసన వేస్తుంది. ఆ వాసనకు నేను మళ్ళీ ఆరేళ్ళ పిల్లనై మా బ్రాంప్టన్ ఇంటికి వెళ్ళిపోతాను.

అక్కడ పక్కింట్లో తెల్లగడ్డం తాతగారు ఒక్కరే ఉండేవారు. మేము కెనడా వచ్చిన ఏడాది, వేసవి చివర్లో ఆయన అమ్మకు అల్లంలాంటి దుంప ఒకటి ఇచ్చి, అది వాళ్ళమ్మ పెంచిన రకమని చెప్పారు. దాని వీపుకు ఎండ తగలాలని పైపైనే నాటించారు. ఆ చలికాలంలోనే ఆయన పోయారు.

"మట్టిలో కలిసిపోయారమ్మా" అంది అమ్మ.

మంచు కరిగి ఎండలు వచ్చాక, ఓ పొద్దున ఆ దుంప మొక్కకు ఊదారంగు ఐరిస్ పువ్వు విచ్చింది. కిందికి వాలిన రేకు మీద తెల్లటి నూగు గడ్డం!

"అమ్మా, కమ్ ఫాస్ట్! తాతగారు వచ్చేశారు!" అని అరిచాను.

అమ్మ పరుగున వచ్చింది. నవ్వలేదు. పువ్వు పక్కనే తడి గడ్డిలో కూర్చుని చాలాసేపు దాన్నే చూసింది. నేను బకెట్‌తో నీళ్ళు తెస్తే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎక్కువ పోయకు తల్లీ, తాతగారికి పడదు."

ఆ కొత్త ఊళ్ళో అమ్మను రోజూ పలకరించిన మనిషి ఆయనొక్కరేనని నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు.