డెల్బర్ట్ కట్టిన గూళ్లు

డెల్బర్ట్ రౌష్ ఇరవై రెండేళ్లు లారీ నడిపి, నడుం పట్టేశాక ఇండియానాలోని మా ల్యాబులో ఎలుకల్ని చూసుకునే పనికి కుదిరాడు. మా దగ్గర రెండు జాతులుండేవి, చూడ్డానికి అచ్చం ఒకేలా. ఒక జాతిలో తండ్రి ఎలుక దూది పీకి పిల్లలకు గూడు కట్టేది. రెండో జాతి తండ్రి దూది వంక చూసేది కూడా కాదు. ఆ తేడా మెదడులో ఎక్కడుందో కనిపెట్టడమే మా పని. రోజూ పాత గూడు తీసేసి, గంట తర్వాత వచ్చి కొత్తది ఎంత కట్టిందో కొలిచేవాళ్లం.

ఫిబ్రవరిలో ఒక వారం బద్ధకపు తండ్రులన్నీ చక్కటి గూళ్లు కట్టేశాయి. మా ప్రొఫెసర్ మారెన్ సంబరంతో ఊరంతా చెప్పుకుంది. శుక్రవారం డెల్బర్ట్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు.

"అవి నేను కట్టినవమ్మా. పిల్లలు వణుకుతుంటే చూళ్లేకపోయాను."

మారెన్ తల పట్టుకుంది. "వారం పనీ నీళ్లపాలు చేశావు కదయ్యా!" కాసేపటికి తనే నవ్వేసింది. "నీ వేళ్ల పనిని ఎలుక పని అనుకున్నాను చూడు, నాకుండాలి బుద్ధి."

డెల్బర్ట్ కదల్లేదు. "అయితే ఆ తండ్రి తప్పేం లేదంటారా? పుట్టుకే అంతా?"

"పిల్లల్ని అటూ ఇటూ మార్చి పెంచి చూశాం. ఎవరు పెంచినా చాలావరకు సొంత జాతి తీరే వచ్చింది. కానీ అది ఎలుకల మాట. మనుషుల సంగతి నన్నడక్కు."

అతని కూతురు లొరెట్టా పసితనమంతా అతను రోడ్ల మీదే ఉన్నాడని అప్పుడు తెలిసింది నాకు. ఆమెకు ఆ నెలే కొడుకు పుట్టాడు. తనకేం చేతకాదని డెల్బర్ట్ ఇంకా చూడ్డానికే పోలేదు.

ఆ శనివారం సెలవు పెట్టి పోయాడు. తలుపు తీసిన లొరెట్టా కళ్లు ఉబ్బి ఉన్నాయట.

"ఏంటి నాన్నా, దారి తప్పావా?"

"గిన్నెలేమైనా ఉంటే కడుగుదామని."

"నువ్వా!" అని, బిడ్డను అతని చేతుల్లో పెట్టింది. "తల కింద చెయ్యి పెట్టు. అలా కాదు, ఇలా. గంట పడుకుంటా, ఏడిస్తే లేపు."

వాడు ఏడ్చాడు. డెల్బర్ట్ లేపలేదు. వంటింట్లో తిరుగుతూ, జోలపాట రాక, తను లారీలో దాటిన ఊళ్ల పేర్లు వరసగా చెప్పాడు. టెర్రహోట్, ఎఫింగ్‌హామ్, సెయింట్ లూయిస్, రోలా... జోప్లిన్ చేరేసరికి వాడు నిద్రపోయాడు. లొరెట్టా ఐదు గంటలు పడుకుంది.

"వచ్చే శనివారం కూడా వస్తావా?" అని అడిగిందట లేచాక.

సోమవారం వచ్చి ఇదంతా నాకు చెప్పాడు. అప్పటినుంచి అతని శనివారాల డ్యూటీ నేనే తీసుకున్నాను.