పాత ఊళ్ళ చుట్టరికం నడిపిన మా వదిన

మా వదిన పోయిందన్న కబురు నాకు గురజాల బస్టాండులో తెలిసింది. చెల్లెలింట్లో రెండు రోజులుండి మాచర్ల బస్సు కోసం నిలబడి ఉన్నాను. మా వీధిలోనే ఉండే కండక్టరు బస్సు దిగి నన్ను చూసి ఆగిపోయాడు.

"అక్కా, నువ్వింకా ఈడే ఉండావా? టీచరమ్మ పొద్దున పోయింది. రాత్రే నీకు కబురంపారే, అందలా?" అన్నాడు.

అందలేదు. బస్సులో కూర్చున్నాక నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ముప్పయ్యేళ్ళు ఒకే పొయ్యిమీద వండుకు తిన్నాం. ఆ రెండు రోజులూ ఆగలేకపోయిందా అనిపించింది. పిడికెడు మల్లెపూలు చెల్లెలు నా కొంగులో కట్టి పంపింది. అవి ఆవిడ కోసమే తెస్తున్నాను.

ఆవిడ మా ఆయనకి అక్క. పెళ్ళి చేసుకోలేదు. మిషన్ బడిలో చదువుకుని, నాగార్జునకొండ లోయలో మా ఊరి బడికే టీచరుగా వచ్చింది. ఊరంతా టీచరమ్మ అనేవాళ్ళు. మా ఆయన పోయాక ఇంట్లో మేమిద్దరమే మిగిలాం. బయటి ప్రపంచానికి ఆవిడ ఇంకోటి కూడా. తొమ్మిది దేశాల్లోని తొమ్మిది పాత ఊళ్ళనీ, పదోదిగా మా ఊరినీ కలిపి ఒక సంఘం నడిపింది. దానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరుండేది. నరసరావుపేటలో రబ్బరుముద్ర కూడా చేయించింది. ఇంట్లో మాత్రం "చుట్టరికం" అనేది. "ఇయ్యాల చుట్టరికం పనుంది, కూర నువ్వే చూసుకో" అంటే నేను పళ్ళు నూరుకుంటూ వంకాయలు ముందేసుకునేదాన్ని.

అది మొదలైంది లోయలో తవ్వకాలు జరిగే రోజుల్లో. మా ఊళ్ళో గోడకి గుంట తీసినా, ఎరువు దిబ్బ తిరగేసినా వెయ్యేళ్ళు దాటిన ఇటుక బయటపడేది. దానిమీదే మేము రోట్లో పప్పు రుబ్బుకునేవాళ్ళం. చూడటానికి జీపుల్లో ఎవరెవరో వచ్చేవారు. అలా వచ్చిన ఒక గ్రీసు దేశపావిడ దాహమై మా అరుగుమీద కూర్చుంది. మజ్జిగ తాగి, మా ఊళ్ళోనూ ఇంతే, కింద పాత ఊరు, పైన మేము అందట. వదిన ఆవిడని లేవనివ్వలేదు. పొద్దువాలేదాకా ఇద్దరూ ఇంగ్లీషులో మాట్లాడుతూనే ఉన్నారు. జీపువాడు హారను కొట్టి కొట్టి అలిసిపోయాడు.

ఆవిడ వెళ్ళాక ఉత్తరాలు మొదలయ్యాయి. ఆవిడకి తెలిసిన పోర్చుగలు పంతులు ఒకాయన చేరాడు. ఆయన ద్వారా జపాన్లో ఒకామె. అలా పెరిగింది. పెరిగేకొద్దీ వదినలోని టీచరు నిద్రలేచింది. కాగితం తీసి రూళ్ళు రాసింది. ప్రతి ఊరివాళ్ళూ ఏడాదికొకసారి తమ ఊళ్ళో అన్నిటికన్నా పాత వీధిని ఈ చివర్నుంచి ఆ చివరికి నడవాలి, అడుగులు లెక్కపెట్టాలి, చూసింది ఒక్క కాగితంమీద రాయాలి. ఆ కాగితాలన్నీ ఒక మూటగా ఊరినుంచి ఊరికి తిరుగుతుంటాయి. మూట వచ్చినప్పుడు అందరివీ చదివి, తమ పాత ఉత్తరం తీసేసి కొత్తది పెట్టి, తర్వాతి ఊరికి పంపాలి. నడక మానేసిన ఊరి పేరు కొట్టేయాలి. మూట లోకమంతా చుట్టి మా ఇంటికి వచ్చేసరికి ఏడాది పట్టేది. దానికి గుడ్డ చుట్టి కుట్టడం, లక్క వేయడం, పైన అడ్రసు రాయడం నా పని. నా చేతిరాత బాగుంటుందని ఆవిడ పొగిడిన సందర్భాలు అవే.

అందరూ ముందుగా చేసే తప్పు ఒకటుండేది. రాజుల కథలు రాసి పంపేవారు. వదిన వాటిని ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపేది, మూడో తరగతి పిల్లల నోటుపుస్తకాలు దిద్దినట్టే. "చరిత్ర మాకు పుస్తకాల్లో దొరుకుద్ది. నీ కంటితో చూసింది రాయి" అని. తర్వాత వచ్చిన ఉత్తరాలు ఎంత బాగుండేవో. చెప్పులు కుట్టేవాడి దుకాణం మూతబడిందని ఒకరు, మూలమీద ఇంటి పిల్లకి పళ్ళు వస్తున్నాయని ఒకరు. సాయంత్రాలు ఆవిడ తెలుగు చేసి చదువుతుంటే నేను కూడా చింతపండు గింజ తీస్తూ ఆ వీధులన్నీ తిరిగాను. మాచర్ల దాటి నేను గుంటూరైనా సరిగ్గా చూడలేదు, కానీ జపాను ఊళ్ళో చేపలమ్మే ఆవిడ మోకాలి నొప్పి నాకు తెలుసు.

వదినకి జాలి తక్కువ. ఆ మాట ఇప్పుడు కూడా అంటాను. దక్షిణ అమెరికాలో కొండలమీది ఊరినుంచి రెండుసార్లు ఉత్తరం రాలేదు. అక్కడ రాసేది ఒక ముసలాయన.

"ఒంట్లో బాగాలేదేమో, ఇంకో ఏడు చూడు వదినా" అన్నాను.

"నడిచేవాళ్ళు లేకపోతే అది ఊరు కాదే, బొమ్మ. రూలంటే రూలే" అంది.

జాబితాలో ఆ పేరుమీద గీత కొట్టింది. కొట్టి, ఆ పూట అన్నం తినలేదు. జాలి తక్కువన్నాను గానీ, లేదనలేదు.

తర్వాత ఆనకట్ట పని సాగింది. లోయ మునుగుతుందని తెలిసింది. దేశంమీద ఎన్ని లక్షల ఎకరాలు తడుస్తాయో వదినకి తెలుసు. ఒక్కనాడూ ఆనకట్టని తిట్టలేదు. తవ్వి తీసినవాటిల్లో కొన్నిటిని కొండమీదికి మార్చి మళ్ళీ కట్టారు. ఇటుకలకి నంబర్లు వేసి మోసుకెళుతుంటే నిలబడి చూసింది. మేం ఊరు వదిలే రోజు అందరూ ద్వారబంధాలు, దూలాలు ఊడదీసి బండ్లకెక్కిస్తున్నారు. ఈవిడ మాత్రం నోటుపుస్తకం పట్టుకుని ప్రార్థన మందిరం మెట్టు దగ్గర మొదలెట్టి ఎగువన దిబ్బమీద ఉన్న పెద్ద నాపరాయి దాకా నడిచింది. అదే నాపరాళ్ళు పరిచిన మా వీధి. ఆరువందల పన్నెండు అడుగులు.

బండిమీంచి ఎవరో అరిచారు. "టీచరమ్మా, వీధిని గూడా బండికెత్తమంటావా ఏంది?"

అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వింది. నాపరాయి దగ్గరికొచ్చాక వెనక్కి తిరగలేదు. అలాగే బండెక్కింది.

మాచర్లలో స్టేషను దగ్గర అద్దెకి దిగాం. కొన్నాళ్ళకి నీళ్ళు నిలిచాయి. జనం సద్ది కట్టుకుని, బస్సులెక్కి చూడటానికి వెళ్ళొచ్చారు. బడిపిల్లల్ని తీసుకెళ్ళారు. ఆవిడ మాత్రం కదల్లేదు. ఒకసారి నేనే అడిగాను.

"పోయొద్దామా వదినా? ఒక్కసారి చూసొద్దాం."

"నాకు చూపియ్యొద్దే" అంది. అంతే.

ఆ ఏడు మూట వచ్చింది. వదిన అన్ని ఉత్తరాలూ చదివింది. తన పాత ఉత్తరం తీసి బైబిల్లో పెట్టుకుంది. కొత్తది రాయలేదు. దాని బదులు నాలుగు ముక్కలు రాసింది. మా వీధి నీళ్ళలో పోయింది, నడిచేందుకు లేదు, రూలు ప్రకారం మా ఊరి పేరు కొట్టేయండి, కార్యదర్శి పని ఇకమీదట గ్రీసువారు చూసుకోవాలి అని. జాబితా తీసి పదో పేరుమీద తనే గీత కొట్టింది. రూళ్ళకర్ర పెట్టి మరీ. నాకు ఒళ్ళు మండింది.

"నీ రూలు నువ్వే మార్చుకోవచ్చుగా. ఎవరొచ్చి అడుగుతారు?"

"ఆ ముసలాయన అడుగుతాడే" అంది మెల్లగా.

నేను మూట దగ్గరికి లాక్కున్నాను. గుడ్డ చుట్టి కుట్టాను. పైన అడ్రసు రాశాను. పంపినవారి చోట మాచర్ల ఇంటి నంబరు రాయాలి. చెయ్యి అలవాటు చొప్పున లోయలో మా ఊరి పేరు రాసేసింది. మావాళ్ళెవర్ని అడిగినా ఇప్పటికీ ఆ ఊరి పేరే చెబుతారు. లక్క వేశాక చూసుకున్నాను. వదిన కూడా చూసింది. మార్చమనలేదు.

ఆ తర్వాత ఏడాది ఆవిడ బతికిన తీరు నేను మర్చిపోలేను. పోస్టుమాను వచ్చే వేళకి అరుగుమీద కూర్చునేది. చేతిలో జపమాలలాగా పాత స్టాంపుల కవరు. అతను సైకిలు దిగకుండానే తల అడ్డంగా ఊపేవాడు.

"ఒక్కళ్ళూ రాయలా, చూశావా. పేరు కొట్టెయ్యమన్నా, కొట్టేశారు. మంచి పనే" అనేది.

మంచి పనే అన్న మనిషి మొహం అట్లా ఉండదు. బడి లేదు, ఊరు లేదు, చుట్టరికం లేదు. ఇంట్లో నేనున్నాను. కానీ నేను ఆవిడకి చాలలేదు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసినట్టు ఆవిడకీ తెలుసు. మూట నోట మాటలాగా వెంటనే తిరిగి రాదు, అందరి చేతులూ దాటాలి కదా అని చెప్పాల్సింది. చెప్పలేదు. నాకూ ఆ ఇంగ్లీషువాళ్ళమీద కోపమే. నా వచ్చీరాని ఇంగ్లీషులో నేనే ఒక కార్డు రాసి పడేసినా సరిపోయేది. ఆ తప్పు నాది.

మల్లెపూలు వాడిపోయినవే సమాధిమీద పెట్టాను. పాస్టరుగారు ప్రార్థన చేశారు. మావాళ్ళు, లోయ మనుషులు, చానామందే వచ్చారు. ఇంటికొచ్చి రెండు కంచాలు తీశాను, ఒకటి లోపల పెట్టాను.

పదిరోజుల తర్వాత పోస్టుమాను సైకిలు దిగాడు. చేతిలో గుడ్డమూట. అటూ ఇటూ తిప్పి చూపించాడు.

"దీనిమీద ఉన్న ఊరు లేదమ్మా. రాసింది మీ ఊరేగదా అని తెచ్చా" అన్నాడు. తర్వాత అరుగు వంక చూసి తల దించుకున్నాడు.

నేను మూట కుట్లు విప్పాను. పైన గ్రీసు ఆవిడ ఉత్తరం ఉంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని రెండు పూటలు చదివాను. ఆవిడ రాసింది ఇంతే. మీ ఉత్తరం అందరం చదివాం. మీ పేరు కొట్టలేదు. వీధి పోయిందని రాశారు, వెళ్ళి చూశానని రాయలేదు. చూసిందే రాయాలని మాకందరికీ నేర్పింది మీరు. దయచేసి వెళ్ళి చూసి రాయండి. అప్పటిదాకా పదో చోటు ఖాళీగానే మూటలో ఉంటుంది.

నిజంగానే ఒక ఖాళీ కాగితం ఉంది. మడతల దగ్గర నలిగిపోయి, అడుగున వరసగా తొమ్మిది సంతకాలు. అన్ని దేశాలూ తిరిగొచ్చింది. అందులో ఒక సంతకం చెయ్యి వణికినట్టుంది. పక్కనే ఊరి పేరు చదువుకున్నాను. దక్షిణ అమెరికాది. గ్రీసు ఆవిడ ఎప్పుడు చేర్పించిందో, మా వదినకి చెప్పలేదు. ఆ కాగితం పట్టుకుని, ఇన్నాళ్ళూ రాని ఏడుపంతా అప్పుడు ఏడ్చాను. వదినా, ఇంకొక్క నెల ఆగకూడదా అని గట్టిగానే అరిచాను. పక్కింటివాళ్ళు వచ్చారు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను. దిగి పాత బండిబాట పట్టుకుని తుమ్మచెట్లలోంచి నడిచాను. ఎంత దూరం నడిచానో, ఎదురుగా నీళ్ళు. అంత నీళ్ళు నేను ఎప్పుడూ చూడలేదు. మధ్యలో కొండ ద్వీపమై నిలబడి ఉంది. ఈ ఒడ్డున, దిబ్బమీద, మా పెద్ద నాపరాయి. మీద గొర్రెలు కాసే ఒక మనిషి కూర్చుని ఉన్నాడు.

"ఎవురమ్మా నువ్వు? ఏం ఎతుకుతుండావు?" అన్నాడు.

"మా వీధి" అన్నాను.

అతను నవ్వలేదు. లేచి పక్కకి జరిగాడు. "ఎండాకాలం నీళ్ళు తీస్తే ఇంకా కిందికి కనపడతది తల్లీ" అన్నాడు.

రాయిమీద నిలబడి, వదినలాగా పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటూ కిందికి నడిచాను. పదకొండు అడుగులు. పదకొండో అడుగు దగ్గర నీళ్ళు మొదలయ్యాయి.

ఆ ఖాళీ కాగితంమీద అదే రాశాను. మా వీధి పదకొండు అడుగులుంది, మీద గొర్రెలు కాసే మనిషి ఉన్నాడు, వేసవిలో ఇంకొంత వస్తుందంటున్నాడు అని. కింద వదిన పోయిన సంగతి రాశాను. పంపినవారి చోట ఈసారి తెలిసే పాత ఊరి పేరు రాసి, లక్క వేసి పంపాను.

ఒక సంగతి మాత్రం ఆ కాగితంమీద పెట్టలేదు. చూసిందే రాయాలి కదా, అది కంటికి కనపడలేదు. చెప్పులు విడిచి, చీర కొంచెం ఎత్తిపట్టుకుని, పన్నెండో అడుగు నీళ్ళలో వేశాను. చల్లగా, పాకుడు పట్టి, వీధి నాపరాయి కాలికి తగిలింది.