తాళంలో ఆమె సగం

ఈ నెల మొదట్లో నా భార్య చనిపోయింది. ఆ రోజు పొద్దున ఒక ఇడ్లీ తిన్నది. మందులు వేసుకుంది. దవాఖాన కిటికీలోంచి చూసి, "ఇయ్యాల గాలి ఎక్కువుంది, ఎగరేసేటట్టు లేదు" అంది. మధ్యాహ్నం ఊపిరి అందలేదు. సాయంత్రానికి అయిపోయింది.

సెంటినరీ కాలనీలో ఆమెను మీలో చాలామంది ఎరుగుదురు, బొగ్గుగని మీద డ్రోన్ ఎగరేసే అక్కగా. ఓపెన్‌కాస్టులో, అంటే పైకప్పు లేని గనిలో, తవ్వి పోసిన మట్టిగుట్టలను దానితో కొలిచేవాళ్లం. ఇద్దరిదీ ఒకటే సర్వే సెక్షన్. ఆ పైనుంచే అప్పుడప్పుడు హెలికాప్టర్లు వెళ్తాయి. మా డ్రోన్ ఎక్కడుందో రేడియో సంకేతం వాటికి చెబుతూ ఉండాలి. అందులోకి ఎవరైనా దూరి తప్పుడు చోటు చూపిస్తే? ఆమె భయమంతా అదే. "పైన హెలికాప్టర్ల ఉన్నోడు మన మాట నమ్మి మలుపుకుంటడు" అనేది.

అందుకే సంకేతానికి తాళం పెట్టించింది. తాళం తెరిచే అంకెలు రెండు సగాలు, రెండూ కొడితేనే డ్రోన్ లేస్తుంది. ఒకటి ఆమెకే తెలుసు, ఒకటి నాకే. ఒకరు కొడుతుంటే ఇంకొకరు ముఖం తిప్పుకోవాలి. సెక్షన్‌లో నవ్వేవారు.

"ఒక్క మంచం మీద పండుకుంటరు, గిదొక్కటి దాసుకుంటరా?"

"మా మంచం మీద హెలికాప్టర్లు తిరుగుతయా అన్నా?" అనేది ఆమె.

దవాఖానలో ఒకసారి తనే కదిపింది. "నా సగం అడగవేంది?"

"నయమైనంక నువ్వే వచ్చి కొట్టు" అన్నాను.

"గట్లనే" అంది. చెప్పలేదు.

నా ఒక్క సగంతో డ్రోన్ లేవదు. తాళం మొత్తం చెరిపి కొత్తది పెట్టుకోవచ్చు. రెండుసార్లు కంప్యూటర్ ముందు కూర్చుని లేచి వచ్చాను. ఆమె వదిలి వెళ్లినవాటిలో ఇంకా పనిచేస్తున్నది ఆ తాళమొక్కటే.

నెలాఖరు కొలతలు ఆగిపోయాయి. నిన్న మా సర్వే ఆఫీసరు క్వార్టరుకు వచ్చాడు. మంచివాడు. టీ తాగాడు.

"తమ్మీ, నీ బాధ నాకెర్కనే. తాళం తీసేసి ఒక్క పూట ఎగరేద్దాం. ఎవడు దూరుతడు?"

"తాళం లేకుంట వద్దు సార్."

"మరెట్ల?"

టీ కప్పులు తీసి లోపల పెట్టాను. ఆయన వెళ్లిపోయాడు.

రేపు ఉదయం మొదటి షిఫ్టుకు వెళ్తాను. కొత్త తాళంలో ఒక సగం ఆయననే కొట్టమంటాను. దానికి ముందు పాతది చెరిపేస్తాను. ఆమె సగం ఏమిటో నాకు తెలియకుండానే పోతుంది.