ఊరంతా మాలీషు చేసిన మోచెయ్యి

మా చిన్నప్పుడు... రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో... సారపాకలో మా బడి గ్రౌండులో పొద్దున్నే కరాటే క్లాసు జరిగేది. మాస్టారుది ఊళ్ళోని కాగితం మిల్లులో కాంట్రాక్టు పని. నైట్ డ్యూటీ దిగి, ఎర్రబడ్డ కళ్ళతోనే వచ్చి మాతో గుద్దులు గుద్దించేవాడు.

"నొప్పి ఒంట్ల ఉండాలె... మొహంల కనబడొద్దు." ఇది ఆయన మొదటి పాఠం. నొప్పెట్టిందని అరిస్తే గ్రౌండు చుట్టూ పరుగు. అరవకపోయినా పరుగే, కాకపోతే మెచ్చుకుంటూ తీయించేవాడు.

డ్రెస్సు సంగతి చెప్పకుండా నేను ముందుకు పోలేను. మందపాటి తెల్లగుడ్డ కొని టైలరుతో కుట్టించారు. అమ్మ దానికి గంజి పెడితే అట్టముక్కలా నిలబడేది. గుద్దు విసిరినప్పుడల్లా చొక్కా చెయ్యి 'ఫట్' మని మోగేది. ఆ మోత వింటే రెఫరీ పాయింటు ఇచ్చేస్తాడని మా అందరి నమ్మకం. నాకొచ్చిన పాయింట్లలో సగం మా ఇంటి అన్నం వార్చిన గంజివే...

సరే. ఖమ్మంలో పోటీలు. ఫైనల్లో కొత్తగూడెం పిల్ల నా కాలు ఊడ్చేసింది. చెయ్యి ఆనించి పడ్డాను. కుడి మోచేతి కీలు జరిగింది. రెండో బహుమతి కప్పు ఎడమచేత్తో అందుకున్నాను. ఏడవలేదు. మాస్టారు వీపు తట్టాడు.

దవాఖానాలో డాక్టరు కీలు ఎక్కించి, పిండికట్టు వేసి, చెయ్యి మెడకు వేలాడదీశాడు. "మూడు వారాలు కదపొద్దమ్మా. తర్వాత పిల్లే మెల్లగా వంచుకుంటది, చాపుకుంటది. నూనె, మాలీషు, కాపడం... ఏదీ ముట్టొద్దు. మంచిగ చూసుకుంటే రాష్ట్రం పోటీలకు కూడా పోవచ్చు" అన్నాడు అమ్మతో. నా చెవిలో పడింది ఆ చివరి మాట ఒక్కటే.

ఇక్కడ మావైపు పద్ధతి ఒకటి చెప్పాలి. దెబ్బ తగిలినవాళ్ళను చూడటానికి యాపిల్ పళ్ళు పట్టుకుపోవడం పట్నం సంగతి. మావాళ్ళు నూనె పట్టుకొచ్చేవారు. వచ్చినవాళ్ళు తమ చేత్తో ఒకసారి రుద్ది పోవాలి. వద్దంటే మనిషినే వద్దన్నట్టు లెక్క.

ముందు నాయనమ్మే కత్తెరతో పైగుడ్డ కోసి కట్టు విప్పింది. "గుడ్డలు సుట్టి మూలకు కూసోబెడితే నెత్తురెట్ల ఆడతదే?" అంది.

చర్ల నుంచి పెద్దమ్మ బస్సెక్కి ఇప్పనూనె సీసాతో దిగింది. అది చలికి నెయ్యిలా పేరుకుంటుంది. కరగబెట్టి, వేడివేడిగా పోసి మోచెయ్యి పిసికింది.

"మా దిక్కు ఎద్దు కాలు మడతపడ్డా గిదే రాస్తం. మూడో రోజు దున్నింది."

"నేను ఎద్దునా పెద్దమ్మా?"

"ఎద్దయితే గిట్ల మాట్లాడకపోదువు బిడ్డా."

అందరం నవ్వాం. నేనూ నవ్వాను, దవడలు బిగించి.

ఆ ముచ్చట బూర్గంపాడులో మేనత్తకు తెలిసింది. "చర్ల నుంచి వచ్చినామెకు ఇచ్చిన చెయ్యి సొంత మేనత్తకు ఇయ్యవా?" అంటూ వచ్చింది. పెద్దమ్మ పిసికితే, ఈమె పట్టుకొని గుంజింది. అమ్మ డాక్టరు మాట ఎత్తబోయింది. "గాయనకు ఎముకలు తెలుసు గానీ మన పిల్ల తెలుసా?" అంది అత్త. అమ్మ నూనె గిన్నె తెచ్చి పెట్టింది.

ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. నేను ఒక్కసారి గట్టిగా ఏడ్చినా ఆపేసేవారు. కానీ నేను ఏడవలేదు కదా... "సూడుర్రి, కంట్ల సుక్క లేదు. కీలు దారికొస్తాంది" అని ఇంకొంచెం బలం పెట్టేవారు.

ఒకరోజు అత్త గుంజుతుండగా మాస్టారు వచ్చాడు. ఆపుతాడేమో అనుకున్నాను. ఆయన కాసేపు నా మొహం చూసి, ఛాతీ విరుచుకొని, "నా స్టూడెంటమ్మా!" అన్నాడు. ఆ తర్వాత నేనెక్కడ ఏడుస్తాను?

నెల దాటేసరికి మోచేతి పైన కండ రాయిలా గట్టిపడింది. చెయ్యి చాపుదామంటే సగంలోనే ఆగిపోతుంది. మళ్ళీ ఖమ్మం తీసుకుపోయారు. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూశాడు. దెబ్బతిన్న కండను పిసికితే అందులో ఎముక పెరుగుతుందట... నా చేతిలో పెరిగింది.

"ఎవరు పిసికిన్రు?" అని అరిచాడు.

"అందరు సార్..." అంది అమ్మ.

ఆయన నా వైపు తిరిగాడు. "నొప్పి పుట్టలేదా?"

"పుట్టింది సార్."

"మరి అరవలేదేం?"

"కరాటే నేర్చుకుంటున్న సార్" అన్నాను.

ఆయన ఎక్స్‌రే కవరులో పెట్టి అమ్మకిచ్చాడు.

రాష్ట్రం పోటీలకు కొత్తగూడెం పిల్ల పోయింది. నన్ను మాస్టారు కొన్నాళ్ళు వరస ముందు నిలబెట్టి అంకెలు చెప్పించాడు. చాపలేని చేత్తో గుద్దు ఎలా గుద్దుతారు? గంజి పెట్టినా మోగదు. ఒకరోజు క్లాసుకు పోలేదు, ఇక మళ్ళీ పోలేదు. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. చెయ్యి ఇప్పటికీ పూర్తిగా చాపలేను. బస్సులో పై కడ్డీ ఎడమచేత్తోనే పట్టుకుంటాను.

మొన్న మా పాప కరాటే క్లాసులో చీలమండ బెణికించుకుంది. భద్రాచలంలో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి దగ్గరికి తీసుకుపోయాను. ఐసు గడ్డల సంచి పెట్టి, ముట్టుకునే ముందు అడిగింది... "పాపా, నొప్పికి పదికి ఎన్ని మార్కులేస్తావ్?"

"ఏడు" అంది మా పాప. సిగ్గు లేదు, భయం లేదు. అక్కడితో ఆ అమ్మాయి చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

పక్కన కుర్చీలో కూర్చొని నేను చాలాసేపు లెక్క వేసుకున్నాను. మా కాలంలో నూనె ఉంది, మనుషులున్నారు, ప్రేమ కావలసిన దానికన్నా ఎక్కువే ఉంది... ఆ ఒక్క ప్రశ్న లేదు.

మిమ్మల్ని చిన్నప్పుడు ఎవరైనా అడిగారా? అడగకపోతే ఇప్పుడు నేను అడుగుతున్నాను. ఏ దెబ్బైనా సరే... కింద రాయండి, పదికి ఎన్ని?

నాది పదికి పది.